పక్క సీటు బరువు

అదిగో, ఆ నవ్వే బావా! ఆ నవ్వు చూడలేకే కదా, ఇన్నాళ్లూ నీ కొట్టు ముందు నుంచి పోవాల్సొస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచాను. నవ్వు, నవ్వుకో. డెల్మార్ బావకి ఇంత సులువుగా పండగ రోజూ రాదు.

ఆ గోడ మీదున్నది మాత్రం ముందు దించు.

విరిగిన సామాన్లు గోడకి కొట్టి, కింద సొంతదారు పేరు రాయడం మన మోయాబ్‌లో ఉన్న ఆచారమే, నేను కాదన్లేదు. ఆ మూల రూలన్‌గాడి ఇరుసు ముక్క ఉంది. దాని పక్కన పళ్ల డాక్టరుగారి స్టీరింగు కడ్డీ ఉంది. వాటిని చూసి పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లలో మొదటివాణ్ణి నేనే. కానీ సొంత చెల్లెలి మొగుడి కంట్రోల్ ఆర్మ్‌ని తీసుకెళ్లి గల్లాపెట్టె నెత్తిన వేలాడదీస్తారుటయ్యా ఎక్కడైనా? అదీ అరటిపండులా వంగినదాన్ని? కింద ఎర్రరంగుతో 'థేన్' అని అంతంత అక్షరాలా? పుట్టినతేదీ కూడా వెయ్యాల్సింది, జనం నా బదులు ఇంకెవణ్ణో అనుకుంటారేమో!

ఒప్పుకుంటాను, చూడ్డానికి నవ్వొచ్చేలాగే ఉంది. ఇరుసుకీ ఛాసీకీ మధ్య బిగదన్ని నిలబడటం తప్ప ఇంకో పని లేని కడ్డీ అది. ఆ ఒక్క పనీ చెయ్యలేక వంగి కూచుంది. అచ్చం నాలాంటిదే. సరేనా? నీకంటే ముందు నేనే అనేశాను, ఇక అనడానికి నీకేం మిగల్లేదు.

ఏమిటీ? ఎందుకొచ్చానా?

నీ కొట్టుకి ఎందుకొస్తారు, ప్రవచనం వినడానికా? ఆర్మ్‌లు కొనడానికొచ్చాను. బండి బయట ఉంది, చూడు. ముందు ఎడమ పక్క నా ఉక్కు ఆర్మ్. కుడి పక్క, ఆవేళ రాళ్లలో నువ్వు దయతలిచి తగిలించిన నీ పాత రబ్బరు ఆర్మ్, చివరి కన్నాల్లో రబ్బరు బుష్‌లున్నది. రెంటికీ పొడుగులో అరంగుళం తేడా. బండి పీతలా నడుస్తోంది బావా. మూతి పెట్రోలు బంకు వైపు, నడక పోస్టాఫీసు వైపు. నిన్న ఎదురొచ్చిన ముసలాయన, నేను మీదకొస్తున్నానో పక్కకి పోతున్నానో తేల్చుకోలేక నిలబడిపోయి, టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. శవం పోతుంటే తీస్తారే, అలాగ.

అంతే. ఆర్మ్‌ల కోసమే వచ్చాను. నీ చెల్లెలి కోసం రాలేదు. ముందే చెప్తున్నాను, తర్వాత నువ్వు మేడెక్కి ఒకటికి రెండు కలిపి చెప్పకుండా.

ఆ నడుస్తున్నది ఆమేనా?

అడగలేదు. ఊరికే అన్నాను. మేడ మీద నేల కిర్రుమంటే తలెత్తకూడదా మనిషన్నవాడు?

వాసన కూడా వస్తోంది మరి. పీచ్ పండ్లు వేసి కాల్చే ఆ తీపిరొట్టె. నీకేం బావా! పెళ్లాం పోయినప్పట్నించీ డబ్బా చిక్కుడుగింజలు తిని బతికినవాడివి. ఇప్పుడు చూడు, బుగ్గలు! ఎవరి బుగ్గలవి? నావి! నాకు రావాల్సిన బుగ్గలు తీసుకెళ్లి నీ మొహానికి అంటించుకున్నావు. నేనేమో ఎండుమాంసం నములుతూ వంటింటి కుళాయి దగ్గర నిలబడి భోంచేస్తున్నాను. కూచుని తినొచ్చు కదా అంటావేమో. కూచుంటే ఎదురు కుర్చీ కనపడుతుంది.

సర్లే. సామాను చూపించు.

అబ్బో! అన్నిట్లోకీ గట్టిదే ముందు తీశావే. రెండు చివర్లా ఉక్కు గుండ్లు, పొడుగు పెంచుకోడానికీ తగ్గించుకోడానికీ మర, నా ముంజేయంత లావు గొట్టం. థేన్‌లాంటి మొనగాడికి ఇదే తగింది అంటావా? ఎంత పొగరు! నా మాట నాకే వడ్డిస్తున్నావు. అవును, అన్నాను. బండ్లతో రాళ్లెక్కే మన క్లబ్బు విందులో బల్లెక్కి మరీ అన్నాను: "రబ్బరు ఆర్మ్‌లు సంతకెళ్లే ముసలమ్మలకి, ఉక్కు ఆర్మ్‌లు రాళ్లెక్కే మగాళ్లకి!" దిగేటప్పుడు కాలు మడతపడింది. ఆ ముక్క కూడా గుర్తుందా నీకు? ఉంటుందిలే, నీకు గుర్తుండకపోతే ఇంకెవరికి ఉంటుంది!

ఆ మర ఉన్నవి వద్దు. బండిని నాలుగంగుళాలు ఎత్తించాను, కాబట్టి ఆర్మ్ కూడా కాస్త పొడుగుండాలి, లేకపోతే ఇరుసు వెనక్కి పోతుంది. అది నాకూ తెలుసు, పాఠం చెప్పకు. ఆ పొడుగేదో పుట్టుకతోనే ఉన్నది ఇయ్యి. వారం వారం కిందకి దూరి నట్టు వదులైందా లేదా అని తడుముకునే ఓపిక నాకు లేదు.

ఇది? రబ్బరు బదులు గట్టి ప్లాస్టిక్ బుష్ ఉన్నదా? వద్దు బాబూ. అటు మెత్తనా కాదు, ఇటు గట్టీ కాదు. గ్రీజు ఆరిందంటే కీచుకీచుమంటుంది, చర్చిలో నువ్వు పాడినట్టు.

ఆ కింద అరలో ఉన్నవేమిటి?

తెలుసయ్యా రబ్బరువని! కళ్లున్నాయి నాకు. ఊరికే అడిగాను. ఎవరికోసమంటే, నాకోసమే. ఏం, నాకు నడుం ఉండకూడదా? నొప్పి పుట్టకూడదా? అరవై దాటాక నడుం అనేది ఆడవాళ్ల సొత్తా?

అలా చేతులు కట్టుకుని చూడకు బావా. దొంగని తేలు కుడితే, అదేం పురుగో కాస్త చెప్పు నాయనా అని నిలదీసినట్టుంది నీ వరస.

సరే! నీ చెల్లెలు లవోన్ నడుమే! విన్నావా? తృప్తేనా?

ఆ ఉక్కువి పోస్టులో తెప్పించి వేసినప్పట్నించీ, చక్రం గులకరాయి మీద పడితే చాలు, ఆ దెబ్బ ఇరుసు దాటి, ఛాసీ దాటి, సీటు దాటి నేరుగా ఆమె వెన్నులోకి పోయేది. నాకు తగల్లేదా? తగిలింది. నేను పళ్లు బిగబట్టి, దాన్నే మజా అనుకునేవాణ్ణి. ఆమె ముందు ఒక దిండు తెచ్చుకుంది. తర్వాత ఇంకోటి. తర్వాత మెడకి పట్టీ. చివరికి ఎంతెత్తున కూచునేదంటే తల పైకప్పుకి కొట్టుకునేది. గోరుచుట్టు మీద రోకటిపోటు! అప్పుడైనా నేను నోరు మూసుకోవాలా? "తేడా బండిలో లేదే, నీ వయసులో ఉంది" అన్నాను.

అవును, అన్నాను. అంతలా కళ్లెర్రజెయ్యక్కర్లేదు. నీ పెళ్లాం బతికుండగా నువ్వేం అనేవాడివో నాకు తెలీదనుకోకు.

… సరే, సరే. ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఆవిణ్ణి ఇందులోకి తేకూడదు. మంచి మనిషి.

ఇప్పుడు ఆ 'ముసలమ్మ పళ్లు' రాళ్లగుట్ట ఎక్కిన రోజు సంగతి ఎత్తుతావు. ఎత్తు. నువ్వు నా వెనక బండిలోనే ఉన్నావు, అంతా చూశావు. అయినా నా వైపు నుంచి ఒకసారి విను.

రెండో పన్ను మీద బండి మూతి ఆకాశంలో ఉంది. నాకు కనపడేవి బానెట్టూ, మబ్బులూ. ముందు నీ చెల్లెలు నిలబడి చేతులతో దారి చూపిస్తోంది, పెళ్లైనప్పట్నించీ చూపిస్తున్నట్టే. మన నియమం నాకు తెలీదా? రాయి మీద ఉన్నంతసేపూ ఒక్కరి చేతులే చూడాలి. పక్కన దేవుడు దిగొచ్చి చెయ్యూపినా అటు చూడకూడదు. కొత్తగా క్లబ్బులో చేరినవాళ్లకి ఆ ముక్క నేర్పేది ఎవరనుకున్నావు? నేనే!

ఆమె పిడికిలి చూపించింది. ఆగమని. పక్కనుంచి రూలన్‌గాడు రా, రా, రా అని చెయ్యూపాడు. వాడు క్లబ్బు అధ్యక్షుడు. చుట్టూ జనం. అందరి చేతుల్లోనూ ఫోన్లు, నన్నే వీడియో తీస్తున్నారు. అలాంటప్పుడు ఆగితే ఏం బావుంటుంది, నువ్వే చెప్పు? ఆగిన బండిని ఎవడు చూస్తాడు?

ఆర్మ్ రాయికి తగిలిన చప్పుడు నువ్వూ విన్నావుగా. గంట కొట్టినట్టు.

అరిచిందా? లేదు. తిట్టిందా? తిడితే బావుండేది, తిట్లకైతే నా దగ్గర జవాబులుంటాయి. రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకుంది. అంతే. నడుచుకుంటూ నా బండి పక్కనుంచే వెనక్కి వెళ్లి నీ బండెక్కింది. అక్కణ్ణించి నీ మేడ. ఈ వయసులో అలిగి పుట్టింటికెళ్లిన మనిషిని ఎక్కడైనా చూశామా? ఆ పుట్టిల్లైనా పుట్టిల్లా? కింద గేరు నూనె, మేడ మీద నువ్వు!

ఆదివారం చర్చిలో ఆర్గన్ ముందు ఆమె, వెనక బెంచీలో నేను. నా వైపు తిరగదు. ఆర్గన్ వాయించేవాళ్లు ఎలాగూ తిరగరనుకో. అయినా, తిరగకపోవడంలో తేడా తెలుస్తుంది బావా.

కాబట్టి ఆ రబ్బరువే ఇయ్యి. ముందు నాలుగు, వెనక నాలుగు, ఎనిమిదీ. రబ్బరు ఆర్మ్‌లు వేసుకుని రాళ్ల దగ్గరికి వెళ్తే రూలన్‌గాడు నవ్వుతాడు, క్లబ్బంతా నవ్వుతుంది, నేను బల్లెక్కి చెప్పింది నాకే పాడి వినిపిస్తారు. తెలుసు. ఉక్కు వేసుకుంటే ఎవరూ నవ్వరు. పక్క సీటు ఖాళీగా ఉంటుంది. రెంట్లో ఏదో ఒకటి ఏరుకోమంటే ఏరుకున్నాను. ఇంకేం కావాలి నీకు, సంతకమా?

మళ్లీ ఆ డబ్బా ఏమిటి?

ఓహో! దాచావా? ఎంత నక్కబుద్ధి బావా నీది! అప్పుడెప్పుడో నీ గల్లాపెట్టె మీదకి నేను విసిరికొట్టిన బుష్‌లు డబ్బాలో పెట్టి దాచుకున్నావా?

అవే. కాదనడం లేదు. నువ్వమ్మిన రబ్బరు ఆర్మ్‌ల్లోంచి ఊడినవే. వేసవిలో వేశాను, ఆకులు రాలేసరికి చిరిగి కూచున్నాయి. అందుకే కదా ఆ ఉక్కువి తెప్పించుకున్నాను! డెల్మార్ కుళ్లిన రబ్బరు అమ్మాడని ఊరంతా చెప్పాను. చెప్పనా మరి?

ఏం చూడమంటావు? చిరుగులా? … ఆఁ, అన్నీ ఒకే వైపుకి మెలి తిరిగి చిరిగాయి. అయితే? కుళ్లిన రబ్బరైతే ఎలా పడితే అలా పగులుతుంది, మెలిపెట్టినదే ఇలా చిరుగుతుంది అంటావు. బోల్టులు ఎప్పుడు బిగించానా? వేసినప్పుడే బిగించాను. ఇంకెప్పుడు బిగిస్తారు, మనవడి పెళ్లికా?

స్టాండ్ల మీదే. చక్రాలు గాల్లో వేలాడుతుండగానే. అప్పుడైతే కింద చోటుంటుంది, చెయ్యి ఆడుతుంది. ఒళ్లంతా పానా మీద వేలాడేసి మరీ బిగించాను. నాలాగ బిగించినవాడు ఈ జిల్లాలో లేడు.

… ఏంటీ? చక్రాలు నేల మీద ఆనాక బిగించాలా?

… అంటే గాల్లో బిగిస్తే రబ్బరు ఆ వేలాడే తీరులోనే అతుక్కుపోతుంది. దించగానే బండి బరువు దాన్ని మెలిపెడుతుంది. నడిపినా మెలే, గరాజులో ఊరికే నిలబెట్టినా మెలే. ఊఁ.

ఆడలేక మద్దెల ఓడు అంటావు. అను, అను. ఇవాళ నీది.

నేనేమీ ఒప్పుకోను. రబ్బరులో కూడా ఏదో ఉండే ఉంటుంది. మూసెయ్యి ఆ డబ్బా. మూసెయ్యమన్నానా! వాటిని కూడా గోడకి కొట్టేవు, నీ పుణ్యం ఉంటుంది.

*

ఎక్కాయా ఎనిమిదీ? హమ్మయ్య. ఇంతసేపూ దీపం పట్టుకుని నా భుజం ఊడింది. నా చేతులు మసి, నా చొక్కా మసి, నువ్వేమో పెళ్లికొడుకులా ఉన్నావు. బండి కింద దూరింది నువ్వా నేనా?

దించావుగా. చక్రాలు ఆనాయిగా. ఇక బిగించు, పోతాను.

ఇంకా ఏమిటి? బండి రోజూ ఎంత బరువుతో తిరుగుతుందో అంత బరువుతోనే బిగించాలా? ట్యాంకు నిండుగానే ఉంది. వెనక పనిముట్ల పెట్టె ఉంది, నీళ్ల డబ్బా ఉంది. … మనుషులా? సరే, నా సీట్లో నేను కూచుంటాను. అంతేగా?

… పక్క సీటా.

ఖాళీగానే బిగించు.

ఇకమీదట ఖాళీగానే తిప్పుతావా అని నన్నడిగితే నేనేం చెప్పను బావా? అది నా చేతిలో ఉందా?

ఒక పని చెయ్యి. ఆ మూల గుర్రాల దాణా బస్తాలున్నాయి కదా, వాటిల్లోంచి తెచ్చి పెట్టు. బస్తా అయితే అలగదు, నడుం నొప్పనదు, అన్నగారింటికి పోదు. పెట్టు. ఎన్ని పెట్టాలా? … ఆమె బరువెంతా?

నాకేం తెలుసు!

ఏం చూస్తావ్? పెళ్లాన్ని తూకం వేసి తెచ్చుకుంటారా ఎవరైనా? పెళ్లైన రోజున గుమ్మం దాటించి లోపలికి ఎత్తుకొచ్చాను, ఆ రోజు తెలుసు. తర్వాత… తర్వాత ఎత్తలేదు.

ఏయ్, అటు తిరిగి అరవకు! బావా! నీ కాళ్లట్టుకుంటా, పిలవకు...

పిలిచావు. నువ్వు మనిషివి కావు.

మెట్లు దిగుతోంది. ఈ షెడ్డులో అద్దం లేదా? మొహం మీద మసి ఎటుంది, ఇటా అటా? చెప్పవేం!

… వినపడింది బావా, నాకేం చెముడు లేదు. ఆమె నీకు చెప్పినా నాకు వినపడుతుంది. బిగించడం అయ్యేదాకానే అంది. పొయ్యి మీద గిన్నె ఉంది అంది. సరేనను. నేనన్నానని కాదు, నువ్వే అను. దిండు కావాలేమో అడుగు. … వద్దంది. విన్నాను, విన్నాను.

నువ్వు కిందకి దూరు. మా మొహాల్లోకి ఏం చూస్తావు, పని లేదా?

బావా. కిందకి వినపడుతోందా? గట్టిగా మాట్లాడలేను, పక్కనే ఉంది. కిటికీలోంచి తల బయట పెట్టి మాట్లాడుతున్నాను, నాకూ ఒక మెడపట్టీ కొనేలా ఉన్నాను.

ఎదురుగా షెడ్డు రేకు తప్ప ఏమీ లేదు. ఇద్దరం దాన్నే చూస్తున్నాం, అదేదో పెద్ద లోయ అయినట్టు. నేను స్టీరింగు కూడా పట్టుకున్నాను. ఎందుకో తెలీదు. ఇంజనే ఆపేసి ఉంది.

సీటు బెల్టు పెట్టుకుంది బావా. కదలని బండిలో! నేను చెప్పలేదు, ఒట్టు. అలవాటై ఉంటుంది. అందులో నువ్వేం అర్థాలు వెతక్కు. నేను వెతకడం లేదు.

సగం అయ్యాయా? అప్పుడేనా? చేతిలో దయ్యం దూరిందా నీకు? మామూలుగా ఒక్క బోల్టుకి నాలుగు దగ్గులూ, మీ తాత వేట కథా అవుతాయే! ఇవాళే గుర్తొచ్చిందా పనితనం?

ఆగు. ఏదో అంది. … నీతో కాదు, నాతోనే. "సీటు కిందకి దిగినట్టుంది" అంది. రెండు దిండ్లు తీసేస్తే దిగదూ మరి! … అబ్బే, అనలేదు. నీకు చెప్తున్నాను, ఆమెతో అనలేదు. "ఊఁ" అన్నాను. అంతే. నాలుక చివరిదాకా వచ్చిన జవాబుని వెనక్కి మింగి "ఊఁ" అన్నాను. ఎంత చేదుగా ఉందో నీకేం తెలుసు!

ఆఖరిదా?

మెల్లగా బావా. కాస్త మెల్లగా బిగించు. అదైందంటే బెల్టు తీసి దిగిపోతుంది.

… అయిపోయిందా? అయితే వదులు చెయ్యి. సరిగ్గానే విన్నావు, ఎనిమిదీ వదులు చేసి మళ్లీ మొదట్నించీ బిగించు. ఎందుకేమిటి? నా బండి, నా ఆర్మ్‌లు. కాసిని బోల్టులు తిప్పడానికి నీకేం నొప్పి?